పాత కంప్యూటరుకు కొత్త లైనక్సు



ఈవేళ నేను ముచ్చటించబోయేది వంటకం గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. మన ఇళ్ళలో ఒక మూల, బల్లమీద గుడ్డ కప్పుకొని కూర్చున్న కంప్యూటరు గురించి. "అది మావారి వ్యవహారం, లేకపోతే మా అబ్బాయి వ్యవహారం, నాకెందుకు?" అని లేచి వెళ్ళిపోకండి. ఇంటిపన్ను రసీదులు, పిల్లల మార్కుల కాగితాలు, ఆధారు నకళ్ళు, అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఒకప్పుడు బీరువాలో ఉండేవి, తాళంచెవి మన కొంగున ఉండేది. ఇప్పుడు చాలామటుకు కంప్యూటరులోకి చేరాయి. తాళంచెవి మాత్రం ఎవరి దగ్గర ఉన్నదో మనకే తెలియదు.

2020లో కరోనా రోజుల్లో పిల్లల చదువులు ఇంటికి వచ్చిపడ్డప్పుడు మా ఇంట్లో పాత కంప్యూటరుకు దుమ్ము దులిపి, మా అబ్బాయి ఉబుంటు అనే లైనక్సు వేసి ఇచ్చాడు. అలా వేసుకున్న ఇళ్ళు మీలోనూ కొన్ని ఉండే ఉంటాయి. లైనక్సు అంటే కంప్యూటరును నడిపించే వ్యవస్థ. దాని మూలభాగాన్ని 1991లో ఫిన్లాండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టాడు. తరవాత దేశదేశాలవాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. దానిని ఇళ్ళలో వాడుకోవడానికి వీలుగా కూర్చి, 2004 నుంచి ఉబుంటు అనే పేరుతో ఇస్తున్నారు. డబ్బు కట్టనక్కరలేదు.

ఈ ఉబుంటు పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. 20.04 అని ఉంటే 2020వ సంవత్సరం నాలుగో నెలలో వచ్చిందని అర్థం. రెండేళ్ళకొకసారి ఏప్రిల్ నెలలో వచ్చే రకానికి అయిదేళ్ళపాటు మరమ్మతులు ఉచితంగా పంపుతారు. ఆ లెక్కన 20.04కి గడువు 2025 మే నెలతో తీరిపోయింది. మీ ఇంట్లో ఏ అంకె ఉన్నదో సెట్టింగ్స్ తెరిచి, అట్టడుగున 'ఎబౌట్' అన్నచోట చూసుకోవచ్చు.

గడువు తీరితే ఏమవుతుంది? మర్నాడు పొద్దున్న కంప్యూటరు ఎప్పటిలాగే వెలుగుతుంది. పాటలు వస్తాయి, లెక్కలు వస్తాయి. చిక్కు అక్కడే ఉన్నది. వీధిలో గూర్ఖా పని మానేసిన మర్నాడే దొంగలు పడరు గదా! కానీ అటువైపు కాపలా లేదన్న సంగతి తెలియవలసినవాళ్ళకు నెమ్మదిగా తెలుస్తుంది. ప్రతి వ్యవస్థలోనూ ఎక్కడో ఒకచోట కన్నాలు బయటపడుతూనే ఉంటాయి. మరమ్మతులు వచ్చినన్నాళ్ళూ వాటిని పూడుస్తుంటారు. తరవాత పూడ్చేవారుండరు. పాటలు వినేందుకే వాడే యంత్రమైతే ఏమోగాని, బ్యాంకు పనులు చేసే యంత్రాన్ని అలా వదిలేయటం నాకు సమ్మతం కాదు.

ఉబుంటువారే 'ఉబుంటు ప్రో' అనే పేరుతో మరో అయిదేళ్ళు మరమ్మతులు ఇస్తారు. సొంతానికి వాడుకునేవారికి అయిదు యంత్రాలదాకా అదీ ఉచితమే, పేరు నమోదు చేసుకోవాలి. ఇప్పటికిప్పుడు మార్చే తీరిక లేనివారికి అది మంచి ఊరట. అయితే లోపలి సామాను మాత్రం 2020 నాటిదే ఉంటుంది.

పనిలో పనిగా ఇంకో మాట. విండోస్ 10 వాడేవారికి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 11 ఏమో చాలా పాత యంత్రాలను లోపలికి రానివ్వదు. 2017కి ముందరి ప్రాసెసర్లు దాదాపు అన్నీ బయటే. దానితో "ఇది పారేసి కొత్తది కొనండి" అనే మాట దుకాణాల్లో తేలికగా వినబడుతున్నది. నిక్షేపంలాంటి యంత్రాన్ని పారెయ్యనక్కరలేదు, లైనక్సుతో ఇంకా కొన్నేళ్ళు నడుస్తుంది. ట్యాలీలో వ్యాపారపు లెక్కలు రాసేవారు మాత్రం తొందరపడవద్దు. అది విండోసుకోసం తయారైనది.

ఇక అసలు విషయానికి వస్తాను. వ్యవస్థ మార్చడంలో భయపడవలసింది మార్పుకు కాదు. మాకు బాగా తెలిసిన ఒక ఇల్లాలి సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. ఆమె భర్త పోయి రెండేళ్ళయింది. ఆయన సంగీతం నేర్చుకుంటున్న రోజుల్లో పాడి రికార్డు చేసుకున్న కీర్తనలు, కుటుంబం ఫొటోలు, పెన్షను కాగితాల నకళ్ళు అన్నీ కంప్యూటరులోనే ఉండేవి. యంత్రం మందగించిందని దాన్ని ఆటోలో పెట్టుకొని ఒక రిపేరు దుకాణానికి తీసుకువెళ్ళింది. అక్కడి కుర్రవాడు మర్యాదగానే అడిగాడట, "ఆంటీ, డేటా ఏమైనా కావాలా?" అని. డేటా అంటే ఆమెకు తెలిసింది సెల్‌ఫోనులో రీచార్జి చేయించే డేటా. "వద్దు నాయనా, ఇంట్లో వైఫై ఉంది" అన్నది. సాయంత్రానికి యంత్రం గాలిలా పరుగెత్తుతూ ఇంటికి వచ్చింది. లోపల ఏమీ లేదు.

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి కదూ! ఫొటోలు కొన్ని బంధువుల ఫోన్ల నుంచి పోగుచేసుకున్నారు. పెన్షను కాగితాలు ఆఫీసు చుట్టూ తిరిగి మళ్ళీ తెచ్చుకున్నారు. ఆయన గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు.

ఆ కుర్రవాడిని తిట్టి లాభం లేదు. అతని దృష్టిలో అడిగాడు, జవాబు వచ్చింది. అందుచేత ఈ ఒక్క మాట ముందుగా నేర్చుకుందాం. కంప్యూటరువాళ్ళు డేటా అంటే మన ఫొటోలు, మన కాగితాలు, మన పాటలు, మన లెక్కలు. వ్యవస్థ వాళ్ళది. అది పోతే రేపు మళ్ళీ దింపుకోవచ్చు. డేటా మనది, ఇంకొకచోట నకలు లేకపోతే ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. కాబట్టి యంత్రాన్ని ఎవరి చేతిలో పెట్టినా, ఇంట్లో అబ్బాయే చేస్తానన్నా, నకలు తీసే పని మాత్రం మన చేతులమీదుగా జరగాలి. ఇల్లు వెల్ల వేయించేటప్పుడు గోడలు పనివాళ్ళకు అప్పగిస్తాం గాని, దేవుడి పటాలూ వెండి సామానూ మనమే దించి పెట్టెలో పెట్టుకుంటాం కదా, అలాగన్నమాట.

నకలు తీయడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నష్టం జరిగేది ఎప్పుడూ ఇక్కడే. బయట తగిలించే హార్డు డిస్కు ఒకటి కొనుక్కోండి. లైనక్సులో మన సామానంతా 'హోమ్' అనే ఒక ఫోల్డరులో ఉంటుంది. దాని మీద మౌసు కుడి బొత్తాము నొక్కి 'ప్రాపర్టీస్' చూస్తే ఎంత బరువున్నదో తెలుస్తుంది. డిస్కులో అంతకు రెట్టింపు చోటు ఉంటే మంచిది.

అయితే హోమ్ తెరిస్తే కనబడేదే అంతా అనుకోకండి. పేరుకు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లను లైనక్సు దాచి ఉంచుతుంది. కంట్రోల్ మీటా హెచ్ అక్షరమూ కలిపి నొక్కితే అవి బయటికి వస్తాయి. ఇంటర్నెట్టులో మీరు గుర్తు పెట్టుకున్న పేజీలు, కంప్యూటరులోకి దించుకున్న ఉత్తరాలు, మీరు చేసుకున్న అమరికలు అన్నీ సాధారణంగా ఆ చుక్కల ఫోల్డర్లలోనే ఉంటాయి. పైకి కనిపించే ఫొటోలు మాత్రమే ఎత్తుకొని "అయిపోయింది" అనుకున్నవారు తరవాత విచారిస్తారు. హోమ్ ఫోల్డరును మొత్తంగా ఎత్తి నకలు చేస్తే ఈ బెడద ఉండదు. డెస్క్‌టాపు మీద పరిచిన కాగితాలు కూడా అందులోవే. విండోసు రోజులనాటి వేరే విభాగం ఏదైనా యంత్రంలో మిగిలి ఉంటే దాన్నీ తెరిచి చూడండి, అది హోమ్‌లోకి రాదు.

పెన్ డ్రైవులో వేసుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక. పెన్ డ్రైవులు చాలావాటిని ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో అమర్చి అమ్ముతారు. 4 జీబీకి మించిన ఒక్క ఫైలు అందులో ఇమడదు. పెళ్ళి వీడియో సాధారణంగా అంతకు మించే ఉంటుంది. మిగిలినవన్నీ ఎక్కి, అదొక్కటే దిగబడిపోతుంది.

ఇంకొకటి. తెరమీద నకలు పూర్తయిందని కనిపించినా, లోపల రాత ఇంకా సాగుతూ ఉండవచ్చు. లైనక్సు కొంత సరుకును జ్ఞాపకంలో పట్టుకొని, నెమ్మదిగా డిస్కులోకి దింపుతుంది. అందుకని తీగ పట్టుకొని లాగెయ్యకుండా, 'ఎజెక్ట్' గుర్తు నొక్కి, ఇక తీయవచ్చునని అది చెప్పేదాకా ఆగాలి. ఆ తరవాత ఆ డిస్కును వేరే యంత్రానికి, ఎదురింటివారి ల్యాప్‌టాపుకైనా సరే, తగిలించి ఓ పది ఫైళ్ళు తెరిచి చూడండి. ఒక ఫొటో, ఒక పాట, ఒక వీడియో చివరిదాకా. తెరిచి చూడని నకలును నేను నకలుగా లెక్కకట్టను.

లైనక్సు మింట్ వాడేవారి ఇళ్ళలో 'టైమ్‌షిఫ్ట్' అనే సాధనం ఉంటుంది. "అది రోజూ నకలు తీస్తూనే ఉందిగా" అని ధీమాగా ఉంటారు. అది కాపాడేది వ్యవస్థను. మనంతట మనం చెబితే తప్ప హోమ్ జోలికి పోదు. దాన్ని నమ్ముకొని ఫొటోలు వదిలెయ్యకండి.

రహస్యపు మాటలు, అదే పాస్‌వర్డులు, బ్రౌజరు గుర్తు పెట్టుకున్నదని మనం మరిచిపోయి ఉంటాం. మార్పుకు ముందు అవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. అలా రాయకూడదని పెద్ద చదువులవాళ్ళు అంటారు. బీరువా తాళంచెవి జాగ్రత్త చేయడం వచ్చిన మనకు ఆ పుస్తకం జాగ్రత్త చేయడం రాకపోదని నా అభిప్రాయం.

నకలు కుదిరిందంటే బరువు దిగినట్టే. మిగిలింది చాలామటుకు ఓపిక.

మార్చడానికి రెండు దారులు. సామాను ఇంట్లో ఉండగానే వెల్ల వేయించడం ఒకటి, ఇల్లు ఖాళీ చేసి మొదటినుంచీ వేయించడం ఒకటి. మొదటిదాన్ని అప్‌గ్రేడ్ అంటారు. మన ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి. రెండోదానిలో కొత్త వ్యవస్థను పెన్ డ్రైవునుంచి శుభ్రంగా ఎక్కిస్తారు. రెండోది చక్కగా కుదురుతుందనడంలో సందేహం లేదుగాని, అందులో ఒకచోట 'డిస్కు మొత్తం చెరిపి ఎక్కించనా?' అనే ప్రశ్న వస్తుంది. అవునని నొక్కితే ఇక వెనక్కి రావటమంటూ లేదు. తొలిసారి చేసుకునేవారికి మొదటి దారే మేలని నేనంటాను.

ఏ దారి పట్టినా ముందు యంత్రం బలం చూసుకోవాలి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కు 4 జీబీ జ్ఞాపకశక్తి, డిస్కులో 25 జీబీ చోటు కావాలని ఉబుంటువారు చెబుతారు. యంత్రంలో 2 జీబీ మాత్రమే ఉంటే లుబుంటు వంటి తేలికపాటి రకాలను చూడండి. పాత తిరిగే డిస్కు తీసేసి ఎస్ఎస్‌డి అనే కొత్తరకం వేయిస్తే, ముసలి యంత్రం కూడా చురుకవుతుంది. చాలామందికి కొత్త యంత్రం అక్కరలేదు, ఈ ఒక్క ఖర్చు చాలు. కానీ డిస్కు మార్పించేటప్పుడు పాతదాన్ని దుకాణంలో వదలక ఇంటికి తెచ్చుకోండి. అందులో మన కాగితాలున్నాయి.

కొత్త వ్యవస్థ మన యంత్రానికి పడుతుందో లేదో పెళ్ళిచూపుల్లా ముందే చూసుకోవచ్చు కూడా. దాన్ని పెన్ డ్రైవులోకి ఎక్కించుకొని, అక్కడినుంచే నడిపే వీలున్నది. డిస్కును ముట్టుకోకుండానే వైఫై అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, ప్రింటరు కనబడుతున్నదా చూసి, ఆపేసి లేవవచ్చు. మొదట 'ప్రయత్నించి చూడు' అన్నదే ఎంచుకోవాలి, 'ఎక్కించు' అన్నది కాదు. ఎక్కించుకోవడానికి వాడే పెన్ డ్రైవు మాత్రం ఖాళీది కావాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

20.04 నుంచి ఒక్క గంతులో 24.04కు చేరలేరు. ముందు 22.04, అది కుదురుకున్నాక 24.04. మెట్టు తరవాత మెట్టు. ఒక్కొక్క మెట్టుకు కొన్ని గంటలు పడుతుంది, ఇంటర్నెట్టులోంచి దిగే సరుకు కూడా జీబీల్లోనే ఉంటుంది. ఈ ఆదివారం ఒకటి, పై ఆదివారం ఒకటి పెట్టుకుంటే హాయి. ముందు పాత వ్యవస్థకు రావలసిన మరమ్మతులన్నీ 'సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్' ద్వారా తెప్పించి, ఒకసారి ఆపి వెలిగించాలి. అప్పుడు కొత్త రకం వచ్చిందని అదే చెప్పి, మార్చనా అని అడుగుతుంది.

రాహుకాలం చూసినా చూడకపోయినా కరెంటు సంగతి మాత్రం చూసుకోండి. మార్పు సగంలో ఉండగా యంత్రం ఆగిపోతే మళ్ళీ లేవకపోవచ్చు. బల్లమీది కంప్యూటరైతే యూపీఎస్ ఉండాలి, అది ఎంతసేపు నిలుస్తుందో తెలిసి ఉండాలి. ల్యాప్‌టాపైతే నిండా చార్జి పెట్టి, తీగ తీయకుండా ఉంచాలి. ఎండాకాలపు మధ్యాహ్నాలు వద్దు. ఎవరైనా వచ్చి స్విచ్చి కట్టేయకుండా దానిమీద ఓ కాగితం అంటించండి. పనిమనిషి కూడా ఆ పూట ఆ గది చివర తుడిచినా నష్టం లేదు.

నడుమ అది కొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఫలానా అమరికను నువ్వు మార్చావు, నీదే ఉంచనా, కొత్తది పెట్టనా అని అడుగుతుంది. మామూలు ఇళ్ళలో 'ఉన్నదే ఉంచు' అంటే చాలు. చివర పనికిరాని పాత సామాను తీసెయ్యనా అంటుంది, తియ్యమనవచ్చు. బయటివారి దగ్గర్నుంచి విడిగా తెచ్చి వేసుకున్న ప్రోగ్రాములు ఉంటే వాటి దారులను అది తాత్కాలికంగా మూసేస్తుంది. తరవాత మళ్ళీ తెరుచుకోవాలి. మధ్యలో చాలాసేపు కదలిక లేనట్టు కనిపించి మనకు చెయ్యి దురద పెడుతుంది. అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళడం ఉత్తమం.

మారిన తరవాత తెర కొంచెం కొత్తగా ఉంటుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది, దాని గురించి చెప్పేదేమీ లేదు. తెలుగు సంగతి మాత్రం చూసుకోండి. సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గర తెలుగు లేకపోతే మళ్ళీ చేర్చుకోవాలి. ఇన్‌స్క్రిప్టు పద్ధతి అందులోనే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారికి ఆర్‌టీఎస్ అనే పద్ధతిని విడిగా చేర్చుకునే వీలున్నది. పోతన, వేమన అనే పేర్లతో మంచి తెలుగు అక్షరాలు ఉబుంటు భాండాగారంలోనే ఉచితంగా దొరుకుతాయి.

ఇక మామగారో, నాన్నగారో యూనికోడు రాకముందు రోజుల్లో డీటీపీ అక్షరాలతో కొట్టించి పెట్టిన వ్యాసాలు ఉంటాయి. అవి తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిసిన పిచ్చిగీతల్లా కనబడతాయి. "కొత్త వ్యవస్థ మింగేసింది" అని గుండె పట్టుకోకండి. వాటిని రాసిన ఆ పాత అక్షరాలు ఈ యంత్రంలో లేవు, అంతే. ఫైలు చెడలేదు. చెరిపెయ్యకుండా దాచండి. వాటిని ఇప్పటి తెలుగులోకి మార్చే సాధనాలు ఉన్నాయి, తీరిగ్గా మార్పించుకోవచ్చు.

ప్రింటరుతో ఒక కాగితం తీయండి. అమ్మాయికి ఫోను కలిపి బొమ్మ, మాట రెండూ వస్తున్నాయేమో చూడండి. బ్యాంకు పేజీ తెరవండి. అన్నీ సరిపోయినా ఒక నెలరోజులు ఆ నకలు డిస్కును వేరే పనికి వాడకండి. ఏ ఫైలు లోటో ఒక్కొక్కసారి కరెంటు బిల్లు వచ్చిన రోజునగాని తెలియదు.

24.04కు మామూలు గడువు 2029 దాకా ఉన్నది. ఆ సంవత్సరం ఒక చీటీమీద రాసి కంప్యూటరు పక్కకు అంటించండి. నకలు డిస్కుమీద మరో చీటీ, ఏ తేదీన తీసినదీ వేసి, దాన్ని మాత్రం కంప్యూటరు బల్లమీద కాక బీరువాలో పెట్టండి. దసరాకి బీరువా సర్దేటప్పుడు అది చేతికి తగులుతుంది. అప్పుడు తగిలించి, ఆ ఏడాది ఫొటోలు కూడా చేర్చి మళ్ళీ లోపల పెట్టుకోవచ్చు.